అతిథి కన్న ముందు గర్భిణి

ప్రహ్లాదుని స్మరింపని భాగవత సప్తాహము ఉండదు. తల్లి గర్భమునందుండగనే అతడు నారదుని వలన తత్త్వోపదేశమును వినెనని ప్రవచనకర్తలు చెప్పుదురు, శ్రోతలు చేతులు జోడింతురు. వెంటనే కథ హిరణ్యకశిపుని సభకు, అటనుండి స్తంభమునకు సాగిపోవును. అయితే ఉపదేశమునకు ముందు నారదుడు చేసిన పని మరియొకటి కలదు. ప్రవచనములలో అది రెండు వాక్యములతో దాటిపోవు ఘట్టము గనుక, సాధకులు అక్కడ కొంతసేపు నిలువవలయును.

హిరణ్యకశిపుడు తపస్సునకై మందరగిరికి వెడలినాడు. దేవతలు అతని పురముపై పడిరి, రక్షకులు చెల్లాచెదరైరి. గర్భవతియైన అతని భార్య కయాధువును (తెలుగునాట లీలావతి యను పేరుతోనే ఎక్కువమందికి తెలియును) ఇంద్రుడు బలవంతముగ కొనిపోవుచుండగా దారిలో నారదుడు ఎదురై, ఈమెను విడువుమనెను. పుట్టబోవు శిశువు వలన భయమున్నదనియు, ప్రసవమువరకు ఈమెను ఉంచుకొని, శిశువును వధించిన పిదప విడుతుననియు ఇంద్రుడు బదులు చెప్పెను. ఆ గర్భమున ఉన్నవాడు భగవద్భక్తుడని నారదుడు తెలుపగా, ఇంద్రుడు ఆమెను విడిచి, ఆమె చుట్టును ప్రదక్షిణము చేసి మరలిపోయెను. అప్పుడు నారదుడు ఆమెను తన ఆశ్రమమునకు తోడ్కొనిపోయి, భర్త తిరిగివచ్చువరకు ఇక్కడనే ఉండుమని చెప్పెను. ఆమె అచట ఏ భయమును లేక నివసించెను. ఉపదేశము ఆ తరువాతిది.

మొదట భయనివారణము, పిదప నివాసము, అటుపై జ్ఞానము. ఈ క్రమమును తలక్రిందులు చేయుటకు వీలు లేదు. ఆ స్త్రీ నారదునకు బంధువు కాదు, ఆశ్రితుల బిడ్డ కాదు, లోకకంటకుని భార్య. ఋషి ఆ లెక్క చూడలేదు. సీతాదేవి విషయమునను ఇట్లే జరిగినది. వాల్మీకి మహర్షి గర్భవతియైన ఆమెను ఆదరించి, ఆశ్రమమందలి మునిస్త్రీలకు అప్పగించెను. మహర్షి అంతటివాడును ఆ భారమును తానొక్కడే వహింపక, స్త్రీల సమూహము చేతిలో పెట్టెను.

ప్రహ్లాదవరదుడు సింహాద్రి అప్పన్నగ వెలసిన విశాఖలోనే, ఆ కొండకు దక్షిణ దిశను, ఓడరేవు జలములకు ఆవల మల్కాపురము కలదు. ఇప్పటికిని ప్రజలు సింధియా అని పిలుచు ప్రాంతము దానిని ఆనుకొని యున్నది. 1941 జూన్ 21న సింధియా కంపెనీ నౌకానిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసెను. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలఉష అను ఓడను అచటనే నీటిలోనికి విడిచెను. 1957లో కాల్టెక్స్ వారి చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది. అదియే నేటి హిందుస్తాన్ పెట్రోలియమ్. తరువాత నౌకాదళమును, ఎరువుల కర్మాగారమును, గాజువాక ఆవల ఉక్కు కర్మాగారమును. ఒక్కొక్క కర్మాగారముతో పాటు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల నుండియు, ఒడిశా నుండియు కుటుంబములు వచ్చి చేరినవి. పనికి వచ్చినవాడు పెండ్లి చేసికొనెను, పెండ్లాడి వచ్చినది తన పుట్టినూరికి దూరమైనది.

అట్టి ఒక గృహిణిని భావింతము. పలాస దాపునో, బొబ్బిలి దాపునో జన్మించినది. భర్త ఓడల మరమ్మతులలో కాంట్రాక్టరు వద్ద వెల్డరు. అద్దెకు ఒక గది, మూలగ వంట, బయట వీధికొళాయి. తొలికానుపునకు సంప్రదాయానుసారముగ పుట్టింటికి పోయి వచ్చినది. రెండవమారు పోవు వీలు లేదు. తల్లియే కూలికై వలసపోవుచున్నది, పెద్దబిడ్డ బడి ఇక్కడ, భర్తకు సెలవు పెట్టిన దినమున కూలి లేదు. ఆరవ మాసమున పరీక్ష చేసినవారు రక్తము తక్కువగ నున్నదనిరి. ఇంటికి వచ్చి ఎవరితో చెప్పుకొనవలయును?

ఇట్టివారు అరుదు కారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున గర్భిణులలో 53.7 శాతము మందికి రక్తహీనత కలదు. అయిదేండ్లలోపు బిడ్డలలో 31.2 శాతము మంది వయస్సునకు తగిన ఎత్తు పెరుగలేదు. అదే సర్వేలో ప్రసవములలో 96.5 శాతము వైద్యశాలలలోనే జరుగుచున్నవని కలదు. ఈ మూడు సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన యెడల లోపము ఎచట నున్నదో కొంత తెలియును. ప్రసవసమయమునకు వైద్యశాల దొరకుచున్నది. పాతనగరమున ఘోషాసుపత్రి యని జనులు పిలుచు విక్టోరియా స్త్రీల వైద్యశాల కలదు, కింగ్ జార్జ్ ఆసుపత్రి కలదు. కాని వైద్యశాలలో గడచునవి కొలది దినములు. దానికి ముందు తొమ్మిది నెలలు, వెనుక రెండేండ్లు, వెరసి వేయి దినములు, ఆ గదిలోనే, ఆ వీధిలోనే గడచును. పూర్వము ఆ దినములలో అత్యంత కష్టమైన భాగమును పుట్టిల్లు మోసెడిది. వేళకు అన్నము పెట్టుట, నడుము వాల్చనిచ్చుట, రాత్రి బిడ్డ ఏడ్చిన ఎత్తుకొనుట, కాళ్ళకు నీరు వచ్చినప్పుడు అది సామాన్యమా ప్రమాదమా అని చూచి చెప్పుట. ఇవి ఎవరో ఒకరు చేయవలసిన పనులు. పుట్టిల్లు దూరమైనంత మాత్రమున ఆ పనులు లేకుండ పోవు.

మరి ఎవరిది ఆ కర్తవ్యము? భర్తదియును, అత్తవారిదియును మాత్రమేనా? ధర్మశాస్త్రము అట్లు చెప్పలేదు. మనుస్మృతి మూడవ అధ్యాయమున గృహస్థుని భోజనక్రమము కలదు. అతిథి భుజించిన తరువాతనే గృహస్థు భుజింపవలయునని అందరికిని తెలియును. అతిథిని దేవునిగ చూచు సంస్కృతి మనది. అయినను ఆ అతిథి కన్న ముందు కూర్చుండువారు కొందరు కలరని స్మృతి చెప్పుచున్నది. వారు కొత్తకోడండ్రు, కన్యలు, రోగులు, గర్భిణులు. వీరికి సంకోచింపక, ఆలోచింపక, మున్ముందుగ భోజనము పెట్టవలయునట. దేవుని కన్న ముందు వడ్డింపబడునది గర్భిణి యని దీని తాత్పర్యము. శిష్టుల గృహములలో ఇది ఆచారముగ ఉన్నదా యని పరీక్షించుకొనుట మంచిది. ఎనిమిదవ నెలలో ఉన్న కోడలు అందరికిని వడ్డించి, చివర అడుగంటిన కూర తినుటయే నేటికిని అనేక గృహములలో వినయముగ ఎంచబడుచున్నది.

కౌటిల్యుడు దీనిని గృహమునుండి రాజ్యమునకు విస్తరించెను. బాలురను, వృద్ధులను, అనాథులను రాజు పోషింపవలయుననియు, దిక్కులేని స్త్రీని గర్భమున ఉన్నప్పుడును, ఆమె కన్న బిడ్డలను పిదపను భరింపవలయుననియు అర్థశాస్త్రము విధించుచున్నది. ఓడరేవు వాసులకు ఆసక్తి కలిగించు విషయము మరియొకటి ఆ గ్రంథముననే కలదు. రేవులను చూచు అధికారికి నావాధ్యక్షుడని పేరు. బ్రాహ్మణులు, సన్న్యాసులు, బాలురు, వృద్ధులు, రోగులు, రాజశాసనమును కొనిపోవువారు, వీరితో పాటు గర్భిణులు, నావాధ్యక్షుని ముద్రతో సుంకము లేక నదిని దాటవచ్చును. మనువును రెండు నెలలు దాటిన గర్భిణినుండి రేవు సుంకము తీసికొనరాదనెను. సర్వమును త్యజించిన యతికి ఏ గౌరవమో, కడుపున బిడ్డను మోయు ఇల్లాలికిని అదియే గౌరవము. ఇది దానము కాదు. దానమైనచో ఇచ్చువాని ఇచ్ఛపై ఆధారపడును. ముద్ర చేత నున్న స్త్రీ పడవవానిని ప్రాధేయపడనక్కరలేదు.

ఈ భేదమే నేటి వ్యవస్థయందును కలదు. 1975 అక్టోబరు 2న దేశములో 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము ఆరంభమైనది. అంగన్‌వాడీ దాని వీధిముఖము. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము గర్భిణికిని, ప్రసవానంతరము ఆరునెలల వరకు తల్లికిని అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనము పొందు హక్కును కల్పించినది. ఆ సంవత్సరముననే రాష్ట్రమున అమృతహస్తము అను పేరుతో గర్భిణులకు, బాలింతలకు కేంద్రముననే ఒకపూట సంపూర్ణ భోజనము, గ్రుడ్డు, పాలు ఇచ్చు పద్ధతి వచ్చినది. ప్రభుత్వములు మారినప్పుడెల్ల ఆ పేరు మారుచుండును. 2020లో సంపూర్ణ పోషణ అయినది. పేరులతో ఆకలికి పని లేదు. కేంద్రముననే భుజింపజేయుట అన్నదానిలో ఒక సూక్ష్మము కలదు. ఇంటికి ఇచ్చిన గ్రుడ్లు, పాలు ఇంటిల్లిపాదికి పంచబడును. తల్లి తాను తిని బిడ్డలకు పెట్టకపోవుట తెలుగింట జరుగదు. పీటవేసి కూర్చుండబెట్టిననే ఆమె నోటికి ముద్ద చేరును. స్మృతికారుడు గర్భిణికి ఇమ్మని అనక, ఆమెను భుజింపజేయుమని అనుట ఊరక కాదు.

కొందరు భక్తులకు ఇచట ఒక అసౌకర్యము కలదు. అంగన్‌వాడీ యన్నది ప్రభుత్వపు పని, పేదల పని, దానికిని ఆధ్యాత్మికతకును సంబంధమేమి యని వారి భావము. తైత్తిరీయమున భృగువు తపస్సు చేసి మొట్టమొదట తెలిసికొన్నది అన్నమే బ్రహ్మమని. పిదప ఆనందమువరకు ఎదిగినవాడును అన్నమును నిందింపరాదను వ్రతమును విడువలేదు. అన్నమయకోశమును దాటవలయునని బోధించువారు, ఆ కోశము మొదట నిర్మాణము కావలయునను సంగతిని విస్మరింపరాదు. గర్భస్థశిశువునకు అన్నమయకోశము తల్లి విస్తరినుండియే కట్టబడును.

ఈ మధ్యకాలమున గర్భసంస్కారము పేరిట స్తోత్రశ్రవణము, సంగీతశ్రవణము ప్రచారములోనికి వచ్చినవి. అవి మంచివే. తల్లి మనస్సు ప్రశాంతముగ ఉండుట ఎవరికి ఇష్టము కాదు? అయితే స్తోత్రము వినిపించుటకు చూపు శ్రద్ధలో పాతికభాగమైనను ఐరన్ మాత్రపై చూపినచో మేలు. గర్భకాలమున నూట ఎనుబది మాత్రలు దినమునకొకటి చొప్పున మ్రింగవలయును. వికారము పుట్టునని, బిడ్డ నల్లబడునని, బిడ్డ పెరిగి కానుపు కష్టమగునని రకరకముల భయములతో ఆ మాత్రలు అటకపైకి చేరుచుండును. ఆ భయమును పోగొట్టునది కరపత్రము కాదు, తాను ఆ మాత్రలను మ్రింగి బిడ్డను కన్న పొరుగింటి స్త్రీ. నారదుడు కయాధువునకు వినిపించినది తత్త్వమే కావచ్చును, కాని ఆమె ఆ ఆశ్రమమున పస్తులుండి వినలేదు.

వ్రతోపవాసముల సంగతియు ఇట్టిదే. కార్తీకమాసమున సోమవారములు, మార్గశిరమున గురువారములు వచ్చినపుడు గర్భవతులును ఉపవసింతురు; విశాఖలో మార్గశిరము కనకమహాలక్ష్మి మాసము. వద్దనుటకు ఇంటిపెద్దలు జంకుదురు. ధర్మనిబంధములు గర్భిణికి, సూతికకు పూర్ణోపవాసమును విధింపలేదు. రాత్రి భుజించు నక్తవ్రతమును అనుమతించినవి, వ్రతమును ఇతరులచేత చేయింపవచ్చుననియు చెప్పినవి. ఆ అమ్మవారి గర్భాలయమునకు పైకప్పు లేదు. పుట్టిన బిడ్డలను తెచ్చి ఆమె పాదములచెంత పెట్టుట అచటి ఆచారము. బిడ్డను అంత దగ్గరకు రానిచ్చు తల్లి, ఆ బిడ్డ కడుపున ఉన్నప్పుడు పస్తుండుమని కోరునా?

ఇక సీమంతము. పోషణ్ అభియాన్ 2018లో వచ్చిన తరువాత అంగన్‌వాడీలలో సామూహిక సీమంతములు, ఆరునెలలు నిండిన బిడ్డలకు అన్నప్రాశనములు జరుగుచున్నవి. గాజులు, పసుపు కుంకుమలు, పండ్లు, ఒడిలో చలిమిడి. వీధిలోని స్త్రీలు పాడుదురు. మంత్రము లేదు, పురోహితుడు లేడు, కులనిర్ణయము లేదు, ఒక్కొక్కమారు ప్రక్కింటి ముస్లిము స్త్రీయు, క్రైస్తవ స్త్రీయు అదే బల్లపై కూర్చుండుదురు. ఇది సంస్కారమా యని ప్రశ్నించువారు కలరు. వైదిక సంస్కారము కాదన్నమాట నిజమే, దానిని కప్పిపుచ్చనక్కరలేదు. అయినను గృహ్యసూత్రములను తెరచి చూచిన, ఆ సీమంతోన్నయనము మనము ఊహించినంత మూసిన తలుపుల వెనుకది కాదు.

తెలుగునాట వైదిక కుటుంబములలో అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులు. ఆ సూత్రము ప్రకారము తొలిగర్భమున నాల్గవ మాసమున సీమంతము. భర్త స్వయముగ ఏదుపంది ముల్లుతో, దర్భలతో, పచ్చి మేడిపండ్ల గుత్తితో భార్య పాపట తీయును. వీణాగాయకులు పాడుదురు. ఆ గానమున, ఆ దంపతులు ఏ నదీతీరమున నివసింతురో ఆ నది పేరు చెప్పవలయునని విధి. గర్భములోని ప్రాణికి మొట్టమొదట పరిచయము చేయబడునది వంశవృక్షము కాదు, ఊరి నీరు. మల్కాపురమున ఈ కర్మ జరిగినచో ఏ నదిని చెప్పుదురు? ఓడరేవు జలములలో కలియు మేఘాద్రిగెడ్డను చెప్పవలసి యుండును. ఆ గెడ్డ నీటి స్థితిని ఎరిగినవారికి ఈ విధి కొంచెము గ్రుచ్చుకొనును. బిడ్డకు ఏ నీటిని చూపి ఇది నీ ఊరని చెప్పుచున్నామో ఆ నీటికిని ఊరు బాధ్యత వహింపవలయును గదా.

ఆశ్వలాయన గృహ్యసూత్రము మరియొక మెట్టు ముందుకు పోయి, సీమంతకర్మయందు భర్తయును బిడ్డలును బ్రతికియున్న వృద్ధబ్రాహ్మణ స్త్రీలు ఏమేమి చెప్పుదురో అవన్నియు చేయవలయుననెను. సూత్రకారుడు కలము ప్రక్కన పెట్టి, ఇటుపై అమ్మమ్మలను అడుగుడని తప్పుకొన్నాడు. ఆపస్తంబ ధర్మసూత్రపు చివరి సూత్రములు ఇంకను విశాలమైనవి. స్త్రీలయందును శూద్రులయందును ఉన్న విద్యయే విద్యలకు ముగింపనియు, మిగిలిన ధర్మములను స్త్రీలనుండియు, సర్వవర్ణములవారినుండియు తెలిసికొనవలయునని కొందరందురనియు ఆ గ్రంథము ముగియును. ఆ మాట తరువాత ఇక గ్రంథము లేదు. వీధి కేంద్రమున నలుగురు బిడ్డల తల్లి ఒకతె తొలిచూలు పిల్లకు ధైర్యము చెప్పుచున్నప్పుడు, ఆపస్తంబుడు తన శిష్యులను పంపిన చోటు అదియే యని చెప్పుటకు సంకోచింపనక్కరలేదు. సుశ్రుతుడును నాల్గవ మాసముననే గర్భిణిని రెండు హృదయములు గలదిగ పేర్కొని, ఆమె కోరికను కాదనరాదని చెప్పెను. వైద్యమును కర్మయును ఒకే మాసమున ఆమె వైపు చూచుట గమనింపదగినది.

పురుడు వచ్చిన తరువాత చిక్కు మరియొక విధమైనది. జాతాశౌచమని కొన్ని గృహములలో పది దినములు బాలింత గదిలోనికి ఎవరును పోరు. ఆశా కార్యకర్తకు మాత్రము నిర్ణీత దినములు కలవు. వైద్యశాలలో ప్రసవించిన తల్లి ఇంటికి ఆమె మూడవ, ఏడవ, పదునాల్గవ, ఇరువదియొకటవ, ఇరువదియెనిమిదవ, నలుబదిరెండవ దినములలో, ఆరు మారులు, పోవలయును. బిడ్డ బరువు, ఒంటి వెచ్చదనము, బొడ్డు, పాలు పట్టుట, తల్లికి జ్వరము గాని రక్తస్రావము గాని కలదా యని చూడవలయును. మూడవ దినమున గుమ్మమువద్దనే ఆమెను నిలిపి, పదకొండవ దినమున రమ్మను గృహములు కలవు. నవజాత శిశువులకు ప్రాణాపాయము ఎక్కువగ ఉండునది ఆ మొదటి వారముననే. అశౌచము పూజాదికములకు నిషేధము గాని పరిచర్యకు నిషేధము కాదు. మంత్రసాని ఆ గదిలో అడుగుపెట్టనిచో పూర్వము ఏ బిడ్డ పుట్టెను? శౌచశాస్త్రమును ప్రామాణికముగ పాటింపగోరువారు చేతులు కడుగుకొని లోనికి రమ్మని ఆమెను పిలువవచ్చును, ఆమె శిక్షణలో మొదటి పాఠమును అదియే.

ముర్రుపాలు పిండి పారబోయు అలవాటు కూడ ఇంకను అక్కడక్కడ కలదు. దానిని ఆచారమని పెద్దలు సమర్థింతురు. ఆపస్తంబగృహ్యమున జాతకర్మ భాగముగనే శిశువును తల్లి ఒడిలో ఉంచి, కుడి స్తనమునకు పట్టింపవలయునని, దానికి మంత్రములు కూడ కలవు. తొలిపాలు త్రాగుట సూత్రోక్తము, పారబోయుట ఎచటను లేదు.

మల్కాపురము వంటి చోట పొరుగువారి ఎరుకకు మరియొక అర్థమును కలదు. 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున చమురుశుద్ధి కర్మాగారమున గ్యాసు పేలి యాభై మందికి పైగా మరణించిరి, చుట్టుప్రక్కల వీధులు ఖాళీ చేసి జనులు పరుగులు తీసిరి. చమురు ట్యాంకుల నీడలో నివసించు వీధిలో ఏ ఇంట నిండుచూలాలు కలదో, ఏ గదిలో పచ్చిబాలింత కలదో నలుగురికి తెలిసియుండుట కేవలము ఆప్యాయత కాదు. సైరను మ్రోగిననాడు ఎవరు ఎవరి చేయి పట్టుకొనవలయునో ముందుగనే తెలిసియుండవలయును. నిండు నూనెపాత్రను తొణకకుండ మోయువాని వలె గర్భిణిని కాపాడవలయునని చరకుడు చెప్పిన ఉపమానము ఈ ఊరివారికి వేరొక విధముగ బోధపడును.

ఇంతవరకు చెప్పిన పరిచర్యను నిత్యము చేయువారు ఎవరు? రాష్ట్రమున 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రములు కలవు. కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, సహాయకురాలికి 7,000 రూపాయలు గౌరవవేతనము. గౌరవము పేరులో ఉన్నది గనుక వేతనము తగ్గినను చెల్లునన్నట్లు తోచును. 2023 డిసెంబరు 12న వారు సమ్మెకు దిగిరి. 2024 జనవరి 6న ప్రభుత్వము అత్యవసర సేవల చట్టమును వారిపై ప్రయోగించెను. నలుబదిరెండు దినముల పిదప, జనవరి 22న, సమ్మె ముగిసినది. అత్యవసర సేవ యని చట్టముచేత ఒప్పుకొన్నవారే, దానికి తగిన జీతము మాట వచ్చినప్పుడు అది స్వచ్ఛందసేవ యనుట వింత. 2022 ఏప్రిల్ 25న సర్వోన్నత న్యాయస్థానము అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు కలదని తీర్పు చెప్పినది.

భక్తులలో కొందరు ఆ సమ్మెను విని, సేవ చేయువారు కూలి అడుగవచ్చునా, తల్లులను బిడ్డలను వదలి రోడ్డెక్కవచ్చునా యనిరి. ఆ నలుబదిరెండు దినములు కొందరు తల్లుల విస్తరి ఖాళీగనున్నమాట నిజమే, అది చిన్నమాట కాదు. కాని గీత పదునేడవ అధ్యాయమున తామస యజ్ఞమునకు లక్షణములు చెప్పబడినవి. విధిహీనత, మంత్రహీనత, శ్రద్ధారాహిత్యముతో పాటు మరి రెండు కలవు: అన్నము పెట్టకపోవుట, దక్షిణ ఇవ్వకపోవుట. ఋత్విక్కు దక్షిణ తీసికొనినంత మాత్రమున అతని కర్మను కూలి యని ఎవరును అనరు. ఇవ్వనిచో యజ్ఞమే చెడునని యజమానుడే భయపడును. దినమును పప్పుడకించి, గ్రుడ్లు ఉడికించి, బిడ్డను త్రాసున తూచి, కార్డుపై వ్రాయు స్త్రీకి ఆ భయము ఎవరికి కలుగుచున్నది?

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలయును. దేవాలయ సమితులు, భజన మండలులు చేయగలిగినది కూడ కొంత కలదు, దానికి ధనము అంతగ అవసరము లేదు. శ్రీరామనవమికి, శివరాత్రికి, అమ్మవారి పండుగకు మల్కాపురము వీధులలో అన్నసమారాధనలు జరుగును. ఎండలో బారులు తీరిన జనములో గర్భిణులును, చంటిబిడ్డ తల్లులును నిలిచియుందురు. వారి పంక్తిని మొదట కూర్చుండబెట్టుటకు స్మృతి ప్రమాణము ఇదివరకే చెప్పబడినది. అతిథులు, దాతలు, కమిటీ పెద్దలు పిమ్మట.

ప్రతినెల తొమ్మిదవ తేదీన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో, ఆసుపత్రులలో గర్భిణులకు నిపుణులచే ఉచిత పరీక్ష చేయు ఏర్పాటు 2016 నుండి కలదు. వెల్డరు భార్య ఆ దినము పోవలయును. భర్త షిఫ్టులో ఉన్నాడు. పోయి, వరుసలో నిలిచి, రక్తమిచ్చి, వచ్చుటకు ఒకపూట పట్టును. ఆ పూట పెద్దబిడ్డను బడినుండి తీసికొనివచ్చి అన్నము పెట్టువారు లేక ఆమె పోవుట మానుకొనుచున్నది. ఆమె గదికి మూడిండ్ల అవతల, సాయంకాలము లలితాసహస్రనామ పారాయణకు స్త్రీలు కూడుదురు. పారాయణ ముగిసిన పిదప ప్రసాదము పంచుచు, రాబోవు తొమ్మిదవ తేదీ ఎవరెవరికి పరీక్ష కలదో ఆశా కార్యకర్తను అడుగుటకు అయిదు నిమిషములు చాలును.